‘టాప్ ఎంత కొట్టావ్ అన్నా?’ – ఆ వీడియో ఎందుకు తీసేశానంటే

ఆడియో ఓకేనా? ఓకే. మధ్యలో పక్కింటి కుక్కర్ విజిల్ వినిపిస్తే ఏమీ అనుకోకండి. ఆదివారం కదా, కొండాపూర్‌లో ఈ టైమ్‌కి ప్రతి కిచెన్‌లో అదే సౌండ్.

ఈ వారం గెస్ట్ లేరు. ఎదురు కుర్చీ ఖాళీగా ఉంది, చూస్తున్నారుగా. ఎవరో హ్యాండిచ్చారని కాదు, ఈసారి నేనే కూర్చుని చెప్పాల్సిన విషయం ఒకటుంది. మీలో చాలామంది అడుగుతున్నారు, "కేబుల్ బ్రిడ్జి నైట్ రైడ్ వీడియో ఏమైంది అన్నా, లింక్ ఓపెన్ అవ్వట్లేదు" అని. కాపీరైట్ స్ట్రైక్ ఏం కాదు. నేనే తీసేశా. 8 లక్షల వ్యూస్ ఉన్న వీడియో, మన చానెల్‌లో అన్నిటికంటే ఎక్కువమంది చూసింది అదే. ఎందుకు తీశానో చివర్లో చెప్తా. స్కిప్ చేసుకుంటూ అక్కడికి వెళ్లిపోకండి ప్లీజ్, మధ్యలో చెప్పేది వినకపోతే ఆ చివరిది అర్థం కాదు.

ఆ వీడియో కింద ఎక్కువ లైకులు వచ్చిన కామెంట్ ఏంటో గుర్తుందా? "టాప్ ఎంత కొట్టావ్ అన్నా?" మన దగ్గర ఎవరైనా కొత్త బండి కొంటే మొదటి ప్రశ్న మైలేజ్, రెండో ప్రశ్న టాప్. కుర్రాళ్లయితే మొదటిదే టాప్. నేనూ అలాగే అడిగేవాణ్ణి. ఖమ్మంలో ఇంటర్ చదివేటప్పుడు, బండి స్టాండ్ వేసి ఉంటే చాలు, మీటర్‌లో చివరి అంకె ఎంతుందో వంగి చూసేవాళ్లం. స్కూటీకి కూడా.

ఈ ఏడాదిన్నరలో ఆ కుర్చీలో చాలామంది కూర్చున్నారు. మెకానిక్‌లు, బైక్ ట్యాక్సీ కెప్టెన్లు, లడఖ్ వెళ్లొచ్చినవాళ్లు, హెల్మెట్లు అమ్మేవాళ్లు. వీళ్లెవరూ టాప్ గురించి మాట్లాడలేదు. నేను అడిగితే నవ్వి ఒక అంకె చెప్పి వదిలేసేవాళ్లు. కెమెరా ఆఫ్ చేశాక, చాయ్ తాగుతూ మాట్లాడింది అంతా ఇంకో విషయం గురించి.

బండి ఎంతలో ఆగుద్ది?

మెకానిక్ అన్న చెప్పింది

హఫీజ్‌పేట్ దగ్గర ఒక మెకానిక్ అన్న ఉన్నాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్తే ఫోన్లు ఆగవంట. పాత ఆర్‌ఎక్స్ 100లు బాగు చేయడంలో దిట్ట. ఆ బండి మన దేశంలో 1985లో వచ్చింది, 1996లో ఆగిపోయింది. ఇప్పటికీ సాఫ్ట్‌వేర్ వాళ్లు కొత్త బండికి పెట్టేంత డబ్బు పెట్టి పాతది కొంటారు, ఆ టూ స్ట్రోక్ సౌండ్ కోసం. అన్న ఒక బండి చూపించి అన్నాడు: "దీనికి ముందలెనక రెండూ డ్రమ్ బ్రేకులే. పికప్ చూస్తే కుక్కపిల్ల లెక్క ఎగుర్తది. ఆపాలంటే దేవున్ని మొక్కాలె." తర్వాత ఇంకోటి అన్నాడు, నేను ఫోన్‌లో రాసుకున్నా. "ఇరవై ఏండ్ల సంది బండ్లు చూస్తున్న. టాప్ ఎంత పోతది అని అడిగెటోళ్లే అందరు. ఎంతల ఆగుతది అని ఒక్కడు అడగలె."

ఆయన దగ్గర నేర్చుకున్నది ఒకటి ఇప్పుడే చేసి చూడండి. కిందికెళ్లి మీ టైరు పక్క గోడ చూడండి. ఒక కోలాటి గీతలో నాలుగు అంకెలుంటాయి. 2321 అని ఉంటే 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గాడులు ఎంత లోతున్నా సరే, ఎండలో నిలబడి నిలబడి రబ్బరు గట్టిపడిపోతే పట్టు పోతుంది. పీజీ హాస్టళ్ల ముందు ఏళ్ల తరబడి ఎండకి ఎండే బండ్లు ఎన్నున్నాయో మనకి తెలుసు. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు కిలోమీటర్లు చూస్తాం. కిలోమీటర్లు తిప్పేయొచ్చు, ఈ నాలుగు అంకెల్ని తిప్పలేరు.

కెప్టెన్ లెక్క

మన కారిడార్‌లో నిజమైన ప్రొఫెషనల్ రైడర్లు ఎవరు? సూపర్‌బైక్ వాళ్లు కాదు. రాయదుర్గం మెట్రో మెట్ల కింద రాత్రి 8 గంటలకు ఒకసారి నిలబడి చూడండి. బ్లూ లైన్ అక్కడితో అయిపోయింది, 2019 నవంబర్‌లో ఆ స్టేషన్ తెరిచారు. ఆఫీసులేమో అక్కడితో ఆగలేదు కదా, నానక్‌రాంగూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, కోకాపేట దాకా పోయాయి. మెట్రో ఆగిన చోటుకీ ఆఫీసు గేటుకీ మధ్యలో ఉన్న ఆ కొన్ని కిలోమీటర్ల మీద వేలమంది బతుకుతున్నారు. బైక్ ట్యాక్సీ, ఫుడ్ డెలివరీ, పార్సిల్. రోజుకి పది పన్నెండు గంటలు బండి మీదే ఉండే మనిషికంటే రైడర్ ఎవరుంటారు చెప్పండి?

మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒక కెప్టెన్‌తో ఎపిసోడ్ చేశాం, గుర్తుందా? వ్యూస్ పెద్దగా రాలేదు. నా లెక్కలో మనం చేసిన వాటిలో అదే బెస్ట్. నేను అడిగా, "అన్నా, స్పీడ్‌గా వెళ్తే ఎక్కువ రైడ్లు వస్తాయి కదా?" ఆయన నన్ను చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూశాడు. "ఎనకాల కూసున్నోళ్లు ల్యాప్‌టాప్ బ్యాగుతోని ఉంటరు సార్. నేను జోరుగ బ్రేక్ కొడితే ఆ మనిషి, ఆ బ్యాగు ఇద్దరు నా మీదికి వస్తరు. గందుకే బ్రేక్ కొట్టే అవసరమే రాకుంట నడుపుత." ముందున్న కారు బ్రేక్ లైట్ కాదంట ఆయన చూసేది. ఆ కారుకి ముందున్న కారుది చూస్తాడంట. ఆగి ఉన్న క్యాబ్ కనపడితే, లోపల లైట్ వెలిగిందా లేదా చూస్తాడంట. వెలిగితే ఎవరో డబ్బులిస్తున్నారు, ఇంకాసేపట్లో డోర్ తెరుచుకుంటుంది. ఏ డ్రైవింగ్ స్కూల్ చెప్తుంది ఇది?

మూడో మనిషి, వైజాగ్ నుంచి వచ్చి ఇక్కడ టెస్టింగ్ లీడ్‌గా పనిచేస్తున్న ఒక అక్క. లాంగ్ రైడ్లు చేస్తారు. శ్రీశైలం రోడ్డు గురించి చెప్పారు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోంచి వెళ్లే ఆ రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు, మన్ననూర్ దగ్గర గేటు. హైదరాబాద్‌లో లేటుగా బయల్దేరినవాళ్లంతా ఆ గేటు పడేలోపు దాటాలని చివరి గంటలో కుమ్మేస్తారు. "ఆ గంటలోనే పడతారండి. నేనైతే ఆలస్యమైతే గేటు ఇవతలే ఆగిపోతాను. అలిసిపోయాక ఆగిపోవడం నేర్చుకోవడానికే నాకు మూడేళ్లు పట్టింది."

ఆమె మాటకి ఒక లెక్క దొరికింది నాకు. 2018లో మన హైదరాబాద్ నుంచి నలుగురు మహిళలు బయల్దేరి మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం తిరిగొచ్చారు. ‘రోడ్ టు మెకాంగ్’ అన్నారు ఆ రైడ్‌ని, తెలంగాణ టూరిజం సపోర్ట్ చేసింది. లీడ్ చేసింది జై భారతి, ఈవిడే తర్వాత ఆడవాళ్లకి బండ్లు నేర్పించే ‘మోవో’ సంస్థ పెట్టారు. టీమ్‌లో ఒకరు పోలీస్ శాఖలో పనిచేసే శాంతి. ఇంకొకరు పియా బహదూర్, ఆ ప్రయాణం మీద పుస్తకం కూడా రాశారు. నాలుగో ఆవిడ శిల్పా బాలకృష్ణన్. మొత్తం 56 రోజులు, దాదాపు 17,000 కిలోమీటర్లు. భాగించండి. రోజుకి 300 చిల్లర.

300 అంటే ఏంటి? 400 సీసీ బండి మీద మన కుర్రాళ్లు "ఇంతేనా" అంటారు. ఒక్క రోజు 900 కొట్టామని స్టేటస్ పెట్టేవాళ్లు మన గ్రూప్‌లోనే ఉన్నారు. కానీ 56 రోజుల పాటు, సరిహద్దులు, కొండలు, వానలు, కాగితాల పని అన్నీ కలిపి ఆ సగటు నిలబెట్టడం అనేది టాప్ స్పీడ్‌కి సంబంధించిన విషయమే కాదు.

బస్సులతో కొలుద్దాం

ఇప్పుడు కాసేపు లెక్కలు. బోర్ కొట్టదు, మాటిస్తున్నా. మనకి అందరికీ తెలిసిన కొలత ఒకటి తీసుకుందాం: ఆర్టీసీ బస్సు. పొడవు సుమారు 11, 12 మీటర్లు.

మీరు గంటకి 40లో వెళ్తున్నారు. అంటే సెకనుకి 11 మీటర్లు. ముందు ఏదో అడ్డమొచ్చింది. కన్ను చూసి, బుర్రకి ఎక్కి, వేళ్లు బ్రేక్ పట్టుకునేలోపు ఒక సెకను పోతుంది. ఆ ఒక్క సెకనులోనే ఒక బస్సు పొడవు దాటిపోయారు, ఇంకా బ్రేకే పడలేదు. మంచి టైరు, పొడి రోడ్డు, మంచి బ్రేకు ఉంటే ఆ తర్వాత ఇంకో 9 మీటర్లలో ఆగుతారు. మొత్తం 20 మీటర్లు. దాదాపు రెండు బస్సులు.

80లో? స్పీడ్ రెట్టింపు కాబట్టి నాలుగు బస్సులు అనుకుంటాం. కాదు. బ్రేక్ పడ్డాక పట్టే దూరం స్పీడ్‌తో పాటు పెరగదు, స్పీడ్ వర్గంతో పెరుగుతుంది. టెన్త్ ఫిజిక్స్‌లో చదివి, పరీక్ష రాసి, మర్చిపోయాం. 80లో 57 మీటర్లు, ఐదు బస్సులు. 120లో 113 మీటర్లు, పది బస్సులు. 160లో 185 మీటర్లు. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జిలో ఆ తీగల మధ్య ఉన్న పెద్ద స్పాన్ 234 మీటర్లు. అంటే 160లో ఉన్నవాడికి ఆగాలని అనిపించాక, బ్రిడ్జి అందంలో ముప్పావు వంతు అయిపోతుంది. అది కూడా అన్నీ బాగుంటే. చేతిలో ఫోన్ మ్యాప్ చూస్తున్నామా, ఒక సెకను కాస్తా రెండు అవుతుంది.

బ్రేక్ గురించి ఇంకో మాట. మనకి బండి నేర్పిన ప్రతి మావయ్యా ఒకటే చెప్పాడు, "ముందు బ్రేక్ పట్టకు, బోర్లా పడతావ్" అని. తిన్నని పొడి రోడ్డు మీద అది తప్పు. బ్రేక్ వేయగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. ఆపే పనిలో ఎక్కువ భాగం చేసేది అదే. వెనక బ్రేక్ ఒక్కటే తొక్కితే దూరం చాలా పెరుగుతుంది, పైగా వెనక చక్రం జారి పక్కకి తిరుగుతుంది. ముందు బ్రేక్‌ని గబుక్కున గుంజకూడదు, నిమ్మకాయ పిండినట్టు పిండాలి. మావయ్య మాట నిజమయ్యే చోట్లు రెండు: బండి వంగి ఉన్నప్పుడు, రోడ్డు మీద ఇసుక ఉన్నప్పుడు.

"ఏబీఎస్ ఉందిగా అన్నా?" ఉంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ పైన ప్రతి కొత్త బండికీ కంపల్సరీ. చక్రం దగ్గర గాళ్ల రింగు ఒకటి, పక్కన సెన్సార్ ఒకటి. చక్రం లాక్ అవబోతోందని తెలియగానే బ్రేక్ ప్రెషర్ వదిలి మళ్లీ పట్టుకుంటుంది, సెకనుకి చాలాసార్లు. దానివల్ల చక్రం తిరుగుతూనే ఉంటుంది, హ్యాండిల్ మాట వింటుంది. అది గొప్ప విషయమే. కానీ లేని పట్టుని అది పుట్టించలేదు. మామూలు ఏబీఎస్‌కి బండి వంగి ఉందని కూడా తెలీదు. వంపు కొలిచే సెన్సార్ ఉన్న ఏబీఎస్ ఖరీదైన బండ్లలోనే వస్తుంది. మీ బండికి సింగిల్ చానెలా, డ్యూయల్ చానెలా అన్నది కూడా చూసుకోండి. సింగిల్ అంటే ముందు చక్రానికే.

ఇసుక

మన ఏరియాలో ఇసుక గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నార్సింగి నుంచి కొత్తగూడ దాకా ఎక్కడ చూసినా టవర్లు లేస్తున్నాయి. రాత్రయితే టిప్పర్లు. టిప్పర్ మలుపు తిరిగేటప్పుడు కొంచెం ఇసుక జారుతుంది, పొద్దున్నే వాహనాల గాలికి అది రోడ్డు అంచుకి, యూ టర్న్ మూలకి చేరుతుంది. సరిగ్గా మనం వంగే చోటికి. దానికి తోడు అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కారుతూ నిలబడ్డ వాటర్ ట్యాంకర్. మొదటి వాన పడ్డ అరగంటలో రోడ్డు మీది ఆయిల్ అంతా తేలుతుంది. తడిసిన జీబ్రా గీతలు సబ్బు లాంటివి. కెప్టెన్ అన్న చెప్పినట్టు, రోడ్డుని ఊరికే చూడకూడదు, చదవాలి.

2021 సెప్టెంబర్ 10, వినాయక చవితి రోజు రాత్రి. హీరో సాయి ధరమ్ తేజ్ కేబుల్ బ్రిడ్జి దాటి ఐకియా వైపు వెళ్లే రోడ్డు మీద స్పోర్ట్స్ బైక్ మీంచి పడ్డారు. సీసీటీవీ క్లిప్ మీలో చాలామంది చూసే ఉంటారు, ఎదురుగా ఏమీ గుద్దలేదు, బండి జారిపోయింది. రోడ్డు మీద ఇసుక ఉందని, స్పీడ్ కూడా ఎక్కువే ఉందని అప్పట్లో పోలీసులు చెప్పారు. నెల రోజులకి పైగా ఆసుపత్రిలో ఉన్నారు. మాట సరిగ్గా రావడానికి కూడా కష్టపడ్డానని తర్వాత ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పారు. 2023 ఏప్రిల్‌లో ‘విరూపాక్ష’తో తిరిగొచ్చారు. ఆ రాత్రి ఆయన హెల్మెట్ పెట్టుకుని ఉన్నారు. అందుకే ‘విరూపాక్ష’ ఉంది.

హెల్మెట్ అంటే పైన కనిపించే గట్టి చిప్ప అనుకుంటాం. అసలు పని చేసేది లోపలున్న థర్మోకోల్ లాంటి పొర. తల ఆగే ఆ మిల్లీసెకన్లలో అది నలిగిపోయి, మెదడుకి తగిలే దెబ్బని తను తీసుకుంటుంది. ఒకసారి నలిగితే మళ్లీ లేవదు. అందుకే గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ బయటికి కొత్తగా కనిపించినా పనికిరాదు. 2021 జూన్ 1 నుంచి మన దేశంలో బీఐఎస్ సర్టిఫికెట్ లేని టూ వీలర్ హెల్మెట్ అమ్మడం చట్టవిరుద్ధం. అయినా రోడ్డు పక్కన దొరుకుతూనే ఉన్నాయి, ఐఎస్ఐ స్టిక్కర్‌తో సహా. స్టిక్కర్‌ని నమ్మకండి. దాని మీద ఐఎస్ 4151 అని, కింద లైసెన్స్ నంబర్ ఉండాలి. ఆ నంబర్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే కంపెనీ పేరు వస్తుంది. పేరు వేరే వచ్చినా, ఏమీ రాకపోయినా అది టోపీ.

ఇంక స్ట్రాప్. మన హైదరాబాద్‌లో మోచేతికి తగిలించుకున్న హెల్మెట్లు తగ్గాయి, చలాన్ల పుణ్యమా అని తల మీదికి ఎక్కాయి. స్ట్రాప్ మాత్రం ఇంకా గాల్లో ఊగుతూనే ఉంది. స్ట్రాప్ పెట్టని హెల్మెట్ మీకంటే ముందు కింద పడుతుంది. ఈ వాక్యం నేను ఊరికే అనట్లేదు, కాసేపట్లో చెప్తా.

(సైలెన్సర్ గురించి అడుగుతున్నారు, ఒక్క నిమిషంలో అయిపోద్ది. కంపెనీది తీసేసి వేరేది పెట్టి శబ్దం పెంచితే మోటార్ వెహికల్స్ యాక్ట్ సెక్షన్ 190 కింద 10,000 దాకా ఫైన్ రాసి ఉంది. పోలీసులు రోడ్డు రోలర్‌తో తొక్కించే వీడియోలు చూశారుగా. నా ఒపీనియన్ వేరే: రాత్రి 1 గంటకి మా పక్కింటి పసిపాపని లేపినవాడికి నేను సపోర్ట్ చెయ్యను.)

స్క్రీన్ మీద స్పీడ్ ఎలా తయారవుతుంది

ఇది నా ఫీల్డ్. ఇది ఎవరూ చెప్పరు, ఎందుకంటే చెప్తే మా పొట్ట మీదే కొట్టుకున్నట్టు.

యాక్షన్ కెమెరాలో వైడ్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. అందులో తీస్తే ఫ్రేమ్ అంచుల్లో ఉన్న చెట్లు, డివైడర్ సాగిపోయి సర్రుమని వెనక్కి పోతాయి. కెమెరా కిందికి, చక్రం దగ్గరికి పెడితే ఇంకా ఎక్కువ. డివైడర్‌కి దగ్గరగా వెళ్తే ఇంకా. 60లో వెళ్తున్నా 100లా ఉంటుంది. తర్వాత ఎడిటింగ్‌లో ఆ ముక్క ఒక్కటి 1.25 రెట్లు స్పీడ్ పెంచుతాం. కళ్లు పట్టుకోలేవు. సౌండ్ పల్చబడుతుంది కాబట్టి అసలు సౌండ్ తీసేసి, ఇంకెక్కడో రికార్డ్ చేసిన ఎగ్జాస్ట్ సౌండ్ వేస్తాం. కింద బీట్. అయిపోయింది.

మీటర్ చూపిస్తే నిజమే కదా అంటారా? మీటర్ కూడా అంతే. స్పీడోమీటర్ అసలు స్పీడ్‌కంటే తక్కువ చూపించకూడదని అంతర్జాతీయ రూల్. ఎక్కువ చూపించడానికి మాత్రం పర్మిషన్ ఉంది, నిజంగా 100లో ఉంటే 114 దాకా చూపించొచ్చు. కాబట్టి కంపెనీలన్నీ కొంచెం ఎక్కువ వైపే పెడతాయి. మీరు గర్వంగా పెట్టిన ఆ స్క్రీన్‌షాట్‌లో కొంత గాలి ఉంది.

మరి మేమెందుకు ఇలా చేస్తాం? యూట్యూబ్‌లో ప్రతి వీడియోకీ ఒక గ్రాఫ్ వస్తుంది, ఎక్కడ జనం ఆగారు, ఎక్కడ వెళ్లిపోయారు, ఎక్కడ వెనక్కి జరిపి మళ్లీ చూశారు అని. చెయిన్‌కి లూబ్ ఎలా వేయాలో చెప్పిన చోట నా గ్రాఫ్ లోయలో పడుతుంది. యాక్సిలరేటర్ తిప్పిన 20 సెకన్ల దగ్గర గుట్ట లేస్తుంది. వారం వారం ఆ గుట్ట చూస్తుంటే, తర్వాతి వీడియో ఎలా తీయాలో ఎవరూ చెప్పక్కర్లేదు. నన్ను మార్చింది మీరు అనట్లేదు. గ్రాఫ్ చూసి మారింది నేను.

ఆ గుట్ట ఎక్కుతూ ఎక్కుతూ ఎక్కడికి పోతామో కూడా మనకి తెలుసు. డెహ్రాడూన్ యూట్యూబర్ అగస్త్య చౌహాన్ 2023 మేలో యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద 300 కొట్టాలని వెళ్లి చనిపోయాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో చెన్నై–బెంగళూరు హైవే మీద టీటీఎఫ్ వాసన్ వీలీ చేయబోయి పడ్డాడు. అరెస్ట్, బెయిల్ రిజెక్ట్, తర్వాత పదేళ్లు లైసెన్స్ లేదు. మన టీ-హబ్, నాలెడ్జ్ సిటీ రోడ్ల మీద వీకెండ్ రాత్రుళ్లు జరిగేదీ, పోలీసులు బండ్లు లారీల్లో ఎక్కించుకెళ్లేదీ మీకు నేను చెప్పక్కర్లేదు. అక్కడ బండి నడిపేవాడు ఒకడుంటే ఫోన్ పట్టుకుని తీసేవాళ్లు నలుగురుంటారు. ఫోన్ లేకపోతే అందులో సగంమంది ఇంట్లో పడుకుంటారని నా నమ్మకం.

ఇప్పుడు ఆ వీడియో సంగతి

రెండు నెలల కింద ఇన్‌స్టాలో ఒక మెసేజ్ వచ్చింది. "అన్నా, మీతో ఒకసారి ఫోన్‌లో మాట్లాడాలి. మా తమ్ముడు మీ ఫ్యాన్." ఇలాంటివి వస్తుంటాయి, బర్త్‌డే విషెస్ చెప్పమంటారు. నేను అలాగే అనుకుని ఫోన్ చేశా.

అబ్బాయికి 17. ఇంటర్ సెకండియర్. బాబాయ్ బండి, 150 సీసీ. రాత్రి 11 దాటాక అవుటర్ సర్వీస్ రోడ్డు మీదికి వెళ్లాడు, ఎందుకంటే పైన అవుటర్ మీదికి టూ వీలర్లని రానివ్వరు. వెనకాల ఫ్రెండ్ ఇంకో బండి మీద ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాడు. మలుపులో జారాడు. ఇసుకే. హెల్మెట్ పెట్టుకున్నాడు, స్ట్రాప్ పెట్టుకోలేదు. హెల్మెట్ ఒక పక్కకి, వాడు ఒక పక్కకి. తలకి పెద్దగా తగలకపోవడం అనేది కేవలం అదృష్టం. తొడ ఎముక రెండు చోట్ల విరిగింది, రాడ్ వేశారు. మైనర్‌కి బండిచ్చాడని బాబాయ్ మీద కేసు. ఆ సెక్షన్ సంగతి మీకు తెలుసో లేదో, 199ఏ, 2019లో తెచ్చారు. 25,000 ఫైన్, మూడేళ్ల దాకా జైలు రాసి ఉంది, బండి రిజిస్ట్రేషన్ ఏడాది క్యాన్సిల్. పిల్లాడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేశారు.

నేను ఆసుపత్రికి వెళ్లా. వాడు నన్ను చూసి లేవబోయాడు. కాలు కట్టేసి ఉంది, అయినా లేవబోయాడు. "అన్నా, మీరు నిజంగా వచ్చారా" అన్నాడు. సెల్ఫీ అడిగాడు. దిగాను. ఏం చేయాలో తెలియలేదు, దిగాను.

వాళ్లక్క నన్ను కింద క్యాంటీన్‌కి తీసుకెళ్లింది. తిడుతుందనుకున్నా. తిట్టలేదు. ఫోన్ తీసి మన కేబుల్ బ్రిడ్జి వీడియో చూపించింది. దాని కింద ఒక కామెంట్: "140 పక్కా ఉంటుంది మామా, నా కళ్లతో చెప్తున్నా." ఆ కామెంట్ పక్కన ఎర్ర హార్ట్. చానెల్ ఓనర్ నొక్కితేనే వచ్చే హార్ట్. నేనే నొక్కా. ఎందుకు నొక్కాను? 140 అని నేను ఎక్కడా చెప్పలేదు కదా, వాళ్లే అనుకున్నారు, పోనీలే అని. వ్యూస్ వస్తున్నాయి. రైడింగ్ జాకెట్ల వాళ్లు ఆ వీడియో చూసే మెయిల్ చేశారు.

ఆ అమ్మాయి అడిగింది ఒక్కటే. "మావాడు ఆ రోజు ఫ్రెండ్‌తో 140 కొట్టి చూపిస్తా అన్నాడంట, అన్న కొట్టాడు కదా అని. బాబాయ్ బండి అంత పోదు. 110 దగ్గర పడ్డాడు. అన్నా, ఆ వీడియోలో మీరు నిజంగా 140లో వెళ్లారా?"

నేను చాయ్ గ్లాసు చూస్తూ కూర్చున్నా. "ఉండొచ్చు, గుర్తులేదు" అన్నా. అదీ నేనిచ్చిన జవాబు. ఇంటికొచ్చి వీడియో తీసేశా. జాకెట్ల డబ్బులు తిరిగిచ్చేశా. ఆ రెండు పనులూ సులువే, జవాబు చెప్పడం కష్టమైంది. రెండు నెలలు పట్టింది.

తమ్ముడూ, నువ్వు ఇది చూస్తావని తెలుసు, నోటిఫికేషన్ బెల్ కొట్టి పెట్టుకున్నానని ఆ రోజే చెప్పావు. ఆ వీడియో ఒరిజినల్ ఫైల్ నా దగ్గరే ఉంది. ఎడిట్ చేయని ముక్క, అసలు సౌండ్‌తో, మీటర్ కనపడేట్టు ఇప్పుడు స్క్రీన్ మీద వేస్తున్నా, చూడు. వైడ్ లెన్స్, 1.25 స్పీడ్, సౌండ్ ఇంకో బండిది. ఆ రాత్రి బ్రిడ్జి మీద నా మీటర్ చూపించిన ఎక్కువలో ఎక్కువ 76. అది కూడా అక్కడి లిమిట్‌కి ఎక్కువే, అది నా తప్పు. మీటర్ కాస్త పెంచి చూపిస్తుందని ఇందాక చెప్పా కదా, కాబట్టి అసలు 70 ఉంటుందేమో.

మీ అక్కకి కూడా చూపించు. నేను ఫోన్ చేస్తా.